పిల్లల మందు, పెద్దల సంతకం

 

రక్తపోటు అనగానే మన ఇళ్లలో దాదీమాయో, నానాగారో గుర్తుకు వస్తారు. ఫజ్ర్ నమాజు తర్వాత వారు వేసుకునే గోలీ, కూరలో ఉప్పు తగ్గించమని వారి కోసం చెప్పే మాట మనకు కొత్త కావు. అయితే పదేళ్ల పిల్లవానికి, కొన్ని సందర్భాలలో పాలు తాగే పసికందుకు సైతం రక్తపోటు పెరగవచ్చునన్న సంగతి చాలామంది ఎరుగరు. తెలిసిన రోజున ఆ ఇంట మొదట కలిగేది అపనమ్మకం, ఆ తర్వాత భయం. ఆ భయంలోనే కొందరు దాదీమా గోలీని సగం విరిచి పిల్లవానికి ఇస్తారు. మరికొందరు ఇంత చిన్న వయసులో మందులేమిటని ఊరుకుంటారు. రెండూ ప్రమాదకరమైన దారులే.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల తల్లిదండ్రులు మదర్సాకు వచ్చినప్పుడు చదువు విషయాలతో పాటు ఇంటి కష్టాలు కూడా మా ముందు ఉంచుతారు. ఇటీవల ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "హజ్రత్! మా బాబుకు బీపీ ఉందన్నారు. ఈ మందు పిల్లల ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూస్తాం, మీ బాబును కూడా చేర్చండి అంటూ పట్నంలో ఒక కాగితం ఇచ్చారు. సంతకం పెట్టడం జాయెజేనా? మా పిల్లవాని మీద ప్రయోగం చేస్తారా?" ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. పిల్లల మీద మందులను పరిశీలించవలసిన అవసరం ఏమిటన్నది మొదటిది. అందుకు అనుమతినిచ్చే అధికారం ఎవరిది, ఎంతవరకు అన్నది రెండవది. మొదటిది తెలియనిదే రెండవదానికి సమాధానం దొరకదు. కనుక క్రమంగా చూద్దాం.

పెద్దవారి రక్తపోటుకు ఒక అంకె ఉంది. పిల్లలకు అలాంటి ఒకే అంకె లేదు. పదమూడేళ్లలోపు పిల్లల వయసు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నవి చూసి, అటువంటి ఆరోగ్యవంతులైన పిల్లల పట్టికతో పోల్చి వైద్యులు నిర్ణయిస్తారు. నూరుమందిలో తొంభై అయిదుగురికి ఉండే కొలతను చేరినా దాటినా, అది కూడా వేర్వేరు రోజులలో మూడుమార్లు చూసినప్పుడు అలాగే ఉంటేనే, దానిని అధిక రక్తపోటు అంటారు. పదమూడేళ్లు నిండిన వారికి 130/80 అన్న కొలతను అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో సూచించింది. కొలిచే పట్టీ కూడా పిల్లవాని చేతికి తగినదై ఉండాలి. సన్నని చేతికి పెద్దవారి పట్టీ చుడితే ఉన్న రక్తపోటు కన్నా తక్కువ చూపుతుంది. చేతికి చాలని చిన్న పట్టీ లేని రక్తపోటును ఉన్నట్లు చూపుతుంది. కొలత దగ్గరే తప్పు జరిగితే తర్వాతి వైద్యమంతా తప్పుదారి పడుతుంది.

చిన్నపిల్లలలో రక్తపోటుకు కారణం చాలాసార్లు మూత్రపిండాలలో ఉంటుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, మళ్లీమళ్లీ వచ్చే మూత్ర సంబంధమైన ఇన్ఫెక్షన్లు మిగిల్చిన మచ్చలు, గుండె నుండి వెలువడే పెద్ద రక్తనాళం ఒకచోట సన్నబడి ఉండటం ఇందుకు కారణాలు కావచ్చు. కాస్త పెద్ద పిల్లలలో అధిక బరువు, ఉప్పు ఎక్కువైన చిరుతిండ్లు, ఆటపాటలు లేకపోవడం కూడా తోడవుతాయి. వసతితో నడిచే మదర్సాలవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన కారణం మరొకటి ఉంది. ఒకే గదిలో పడుకునే పిల్లలలో గజ్జి త్వరగా వ్యాపిస్తుంది. గోకిన చోట చీము పొక్కులు లేస్తాయి. ఆ చీములో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి వల్ల, కొన్ని వారాల తర్వాత, కొందరు పిల్లల మూత్రపిండాలు వాచిపోతాయి. అదే క్రిమి గొంతునొప్పి తర్వాత కూడా ఈ పని చేయగలదు. ఉదయం లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, డికాక్షన్ రంగులో మూత్రం, తలనొప్పి కనిపిస్తాయి. రక్తపోటు ఒక్కసారిగా పెరిగి మూర్ఛ కూడా రావచ్చు. అటువంటి మూర్ఛను ఆసేబ్ అనుకొని తావీజు కోసం తిరిగితే గడిచేది వైద్యం అందవలసిన సమయం. దుఆ చేయండి, దుఆకు వేళాపాళా లేదు. కానీ పిల్లవానిని వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఇక మందుల సంగతి. రక్తపోటు మందులలో అధికభాగం మొదట పెద్దవారి మీదనే పరిశీలించబడ్డాయి. కిడ్నీల నుండి వెలువడే ఒక పదార్థం శరీరంలో వరుస మార్పులు తెచ్చి చివరకు రక్తనాళాలను బిగిస్తుంది. ఎనలాప్రిల్, కాప్టోప్రిల్ వంటి మందులు ఆ వరుసను మధ్యలో ఆపుతాయి. లోసార్టాన్ అదే వరుసలో చివరి మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. ఆమ్లోడిపిన్ దారి వేరు. అది రక్తనాళాల గోడలలోని కండరాన్ని సడలిస్తుంది. పెద్దవారి శరీరంలో వీటి పనితీరు బాగా తెలిసినదే. ఆ లెక్కను బరువు ప్రకారం తగ్గించి పిల్లలకు ఇస్తే సరిపోదా అన్న సందేహం సహజం.

సరిపోదు. రెండు మందులను పక్కపక్కన పెట్టి చూస్తే కారణం తెలుస్తుంది. అప్పుడే పుట్టిన శిశువు రక్తపోటు, మూత్రపిండాల పని ఇంతకుముందు చెప్పిన ఆ వరుస మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. కాప్టోప్రిల్ కొద్దిగా ఎక్కువైనా ఆ శిశువు రక్తపోటు దారుణంగా పడిపోయి మూత్రం ఆగిపోవచ్చు. అందుకే పెద్ద పిల్లలకు కిలో బరువుకు ఇచ్చే మోతాదులో సుమారు పదోవంతు, లేక అంతకన్నా తక్కువతో శిశువులకు మొదలుపెడతారు. ఆమ్లోడిపిన్ సంగతి దీనికి తలకిందులు. ఆరేళ్లలోపు పిల్లల శరీరం, కిలో బరువుకు లెక్కిస్తే, ఆ మందును పెద్దవారికన్నా త్వరగా బయటకు పంపివేస్తుంది. కనుక బరువు లెక్కన వారికి ఎక్కువ మోతాదు కావలసి రావచ్చు. ఒక మందు ఊహించినదానికన్నా చాలా తక్కువ చాలునంటుంది, మరొకటి ఎక్కువ కావాలంటుంది. దాదీమా గోలీని సగం చేసే చేతికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? పైగా చేతితో విరిచిన గోలీ రెండు సమభాగాలు కాదు. రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా తయారైన గోలీని నూరి ఇస్తే రోజు మొత్తానికి సరిపడే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

మన విద్యా సంప్రదాయానికి ఈ ఆలోచన కొత్తది కాదు. 980లో జన్మించి 1037లో పరమపదించిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథంలో మందులను పరీక్షించే నియమాలు వివరించారు. మందును మనిషి శరీరం మీదనే పరీక్షించాలి, గుర్రం మీదో సింహం మీదో కనిపించిన గుణం మనిషిలోనూ అలాగే ఉంటుందని నిర్ధారించలేము అన్నది వాటిలో ఒకటి. ఆయనకు ముందే అబూ బక్ర్ రాజీ పిల్లల వ్యాధుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. పిల్లల జబ్బులను విడిగా చూడవలసి ఉందని ఆయన గుర్తించారు కాబట్టే ఆ రచన అవసరమైంది. ఈ ఇద్దరి మాటలను కలిపి చదివితే మన ప్రశ్నకు సగం సమాధానం లభిస్తుంది. పెద్దవారిలో చూసిన గుణాన్ని పిల్లలకు అన్వయించాలంటే పిల్లలలోనే చూడాలి.

అటువంటి పరిశీలన చాలాకాలం జరగలేదు. పిల్లలను ప్రయోగాలకు దూరంగా ఉంచడమే వారికి రక్షణ అని అందరూ భావించారు. ఫలితంగా ప్రతి వైద్యుడూ ప్రతి పిల్లవానికీ అంచనా మీద మందు ఇవ్వవలసి వచ్చింది. అది కూడా ప్రయోగమే. లెక్క రాయని, ఎవరూ పర్యవేక్షించని, ఎవరికీ పాఠం మిగల్చని ప్రయోగం. 1997లో అమెరికా ఒక చట్టం చేసింది. పిల్లలలో తమ మందును పరిశీలించే కంపెనీకి ఆ మందు మీద ఆరు నెలలు అదనంగా ఏకస్వామ్య హక్కు లభిస్తుందని అందులో చెప్పింది. దానితో రక్తపోటు మందుల మీద వరుసగా అధ్యయనాలు వచ్చాయి. కంపెనీలను కదిలించినది పిల్లల మీద కరుణ మాత్రమే కాదు, లాభం కూడా. ఈ సంగతి తల్లిదండ్రులు తెలుసుకొని ఉండటం మంచిది.

ఆ అధ్యయనాలు ఎలా సాగుతాయో ఒక ఉదాహరణ చూద్దాం. 2002లో ప్రచురితమైన ఎనలాప్రిల్ అధ్యయనంలో ఆరు నుండి పదహారేళ్ల మధ్య వయసుగల 110 మంది పిల్లలున్నారు. యాభై కిలోలలోపు పిల్లలను మూడు జట్లు చేసి రోజుకు 0.625, 2.5, 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. అంతకన్నా బరువున్నవారికి దానికి రెట్టింపు. రెండు వారాల తర్వాత కొందరికి అదే మందు కొనసాగించి, కొందరికి చూడటానికి అలాగే ఉండే, మందు లేని ఉత్తి గోలీ ఇచ్చారు. మందు ఆగినవారిలో రక్తపోటు తిరిగి పెరిగింది. అన్నిటికన్నా తక్కువ మోతాదు పెద్దగా పనిచేయదని, మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం పెరుగుతుందని దీనితో తేలింది. నేడు వైద్యులు పిల్లవాని బరువు చూసి మొదటి మోతాదు రాయగలుగుతున్నారంటే ఆ 110 కుటుంబాలు ఇచ్చిన అనుమతి కూడా అందుకు కారణం.

అన్ని అధ్యయనాలూ ఇలా ఫలించలేదు. ఇటువంటి ఆరింటిని పోల్చి 2008లో ఒక విశ్లేషణ వెలువడింది. వాటిలో మూడు అధ్యయనాలు మోతాదుకు, ప్రభావానికి మధ్య సంబంధాన్ని చూపలేకపోయాయి. ఎంచుకున్న మోతాదులు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. ఎనలాప్రిల్‌లో చిన్న మోతాదుకూ పెద్ద మోతాదుకూ 32 రెట్లు తేడా ఉన్న సంగతి గమనించండి. మా దృష్టిలో ఇది కేవలం లెక్కల లోపం కాదు. పిల్లలు రక్తం ఇచ్చారు, సూది నొప్పి భరించారు, తల్లిదండ్రులు పనులు మానుకొని తిరిగారు. అయినా వారి శ్రమ నుండి రావలసిన జ్ఞానం పూర్తిగా రాలేదు. సరిగా రూపొందించని పరిశోధన పిల్లల శ్రమను వృథా చేస్తుంది.

ఫలించిన పరిశోధన ఎంతటి మేలు చేయగలదో కూడా చెప్పాలి. మూత్రపిండాలు దెబ్బతిన్న 385 మంది పిల్లలకు ఐరోపాలో రామిప్రిల్ అనే మందునిచ్చి అయిదేళ్లు గమనించారు. 2009లో ఫలితాలు వచ్చాయి. రక్తపోటును మామూలు పిల్లల సగటుకన్నా తక్కువలో ఉంచిన జట్టులో సుమారు 30 శాతం మందికి మూత్రపిండాలు తీవ్రంగా క్షీణించాయి. సాధారణ పద్ధతిలో చికిత్స పొందిన జట్టులో అది 42 శాతానికి చేరువైంది. అంటే రక్తపోటును గట్టిగా అదుపు చేస్తే కొందరు పిల్లలకు డయాలిసిస్‌ను దూరం పెట్టవచ్చునని తేలింది. ఈ సత్యం పెద్దవారి మీద జరిపిన పరీక్షలతో తెలిసేది కాదు.

ఇప్పుడు రెండవ ప్రశ్న. సంతకం ఎవరిది?

ఫిఖ్‌హ్‌లో తల్లిదండ్రులకు, సంరక్షకులకు పిల్లల మీద ఉన్న అధికారం యజమాని అధికారం వంటిది కాదు. పిల్లవాని మేలు అనే హద్దులోనే అది చెల్లుతుంది. పిల్లవాని ఆస్తిని కూడా అతనికి నష్టం కలిగేలా ఖర్చు చేసే హక్కు వలీకి లేదు. ఆస్తి విషయమే అలా ఉన్నప్పుడు దేహం విషయం చెప్పనక్కరలేదు. దేహం అమానతు. కనుక తండ్రి తనను తాను అడగవలసినది డబ్బు ఇస్తారా అని కాదు, డాక్టర్‌గారు నొచ్చుకుంటారా అని కూడా కాదు. ఇందులో నా బిడ్డకు మేలు ఉందా, కీడుకు ఆస్కారం ఎంత, ఆ కీడును ఎదుర్కొనే ఏర్పాటు ఏమిటి అని అడగాలి. జబ్బు నిజంగా ఉండి, మందు అవసరమై, వైద్యుల పర్యవేక్షణ గట్టిగా ఉన్నచోట ఇటువంటి అధ్యయనంలో చేర్చడానికి ధర్మం అడ్డు చెప్పదని మా అభిప్రాయం. చేర్చకపోవడం కూడా తప్పు కాదు.

అయితే ఆ సంతకం ఇంకెవరైనా చేయవచ్చా? ఈ ప్రశ్నకు మన రాష్ట్రమే చేదు పాఠం నేర్చుకున్నది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం తదితర మండలాలలో, పది నుండి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో ఎందరో గిరిజన బాలికలు, ప్రభుత్వ వసతిగృహాలలో చదివేవారు. ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని విచారణలో బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపివేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ కాలంలో జరిగిన కొన్ని మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాలలో వాడుకలో ఉంది. కానీ మంచి మందు కూడా సమ్మతి లేని సంతకాన్ని సక్రమం చేయలేదు. మందు మీద ప్రజల నమ్మకం చెడిపోవడం దాని ఫలితం.

ఈ ఉదంతాన్ని వివరించడానికి కారణం మేమూ పిల్లలను వసతిలో ఉంచుకొని చదువు చెప్పేవారమే కావడం. తల్లిదండ్రులు పిల్లవానిని మదర్సాలో చేర్చినప్పుడు చదువు, అన్నం, క్రమశిక్షణ మాకు అప్పగిస్తారు. అతని రక్తం మీద, దేహం మీద నిర్ణయాన్ని అప్పగించరు. ఉస్తాద్ వలీ కాడు. నాజిమ్ వలీ కాడు. ప్రాణాపాయంలో ఆసుపత్రికి చేర్చడం మా విధి, అందుకు ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదు. పరిశోధన పత్రం మీద సంతకం మాత్రం మాది కాదు.

మన జిల్లాలో మరో పరిస్థితి ఉంది. ఎన్నో ఇళ్లలో తండ్రి దుబాయిలోనో సౌదీలోనో ఉంటారు, పిల్లలను తల్లి ఒక్కతే సాకుతుంది. ఆసుపత్రికి వెళ్లేది, కాగితం అందుకునేది ఆమె. భర్తతో ఫోనులో మాట్లాడే వరకు గడువు అడిగే హక్కు ఆమెకుంది. ఇప్పుడే సంతకం చేయాలని తొందరపెట్టే చోట చేయకపోవడమే మేలు. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులోనో ఉర్దూలోనో కావాలని అడగాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి, ఆ సమయంలో పరిశోధకులకు సంబంధించని ఒక సాక్షి పక్కన ఉండాలి. ఇది దయ కాదు, నియమం.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల సమ్మతి కూడా తీసుకోవాలి. ఏడు నుండి పన్నెండేళ్ల వారి నుండి నోటిమాటగా, ఆపై పద్దెనిమిదేళ్లలోపు వారి నుండి రాతపూర్వకంగా. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం అందాలి. అటువంటి ప్రతి పరీక్షా దేశీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఈ నమోదు 2009 జూన్ నుండి తప్పనిసరి. కనుక కాగితం చేతికి వచ్చిన తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు అడగండి. నైతిక సంఘం అనుమతి ఉందా? రిజిస్ట్రీ సంఖ్య ఏమిటి? మా బిడ్డకు ఉత్తి గోలీ ఇచ్చే దశ ఉందా, ఉంటే ఎన్ని రోజులు, ఆ రోజులలో రక్తపోటు పెరిగితే ఎవరు, ఎంత త్వరగా చూస్తారు? ఎన్నిసార్లు, ఎంత రక్తం తీస్తారు? ఎల్లారెడ్డి నుండి పట్నం వరకు ప్రతిమారూ వచ్చిపోయే ఖర్చు ఎవరిది? పరిశోధన ముగిసిన తర్వాత అదే మందు మాకు దొరుకుతుందా? మధ్యలో మానుకుంటే చికిత్స ఆగిపోతుందా? ఈ చివరి ప్రశ్నకు ఒకే సమాధానం ఉంది. ఆగకూడదు. ఎప్పుడైనా మానుకునే హక్కు మీది. వీటిని విని చిరాకుపడని వైద్యులు దొరికితే వారిని గౌరవించండి, వారి మాట శ్రద్ధగా వినండి.

యుక్తవయసు ఆడపిల్లల తల్లులకు ఒక ముఖ్యమైన మాట. ఎనలాప్రిల్, లోసార్టాన్ వంటి మందులు గర్భస్థ శిశువు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అమ్మాయి ఈ మందు వాడుతూ ఉంటే పెళ్లి మాటలు మొదలైనప్పుడే వైద్యులకు చెప్పి మందు మార్పించుకోవాలి. సంబంధం చెడుతుందని జబ్బును దాచి, మందును కూడా దాచితే అది ఇద్దరి ప్రాణాల మీదికి వస్తుంది.

మదర్సాల నిర్వాహకులకు మా విన్నపం. గజ్జి కనిపించిన రోజునే ఆ పిల్లవానికీ, అతనితో పడుకునే వారందరికీ ఒకేసారి చికిత్స చేయించండి, దుప్పట్లు వేడినీటిలో ఉతికించండి. ఏడాదికొకసారైనా పిల్లల వైద్యులను పిలిపించి పిల్లల రక్తపోటును చిన్న పట్టీతో కొలిపించండి. కామారెడ్డిలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, అడగడానికి చోటు లేని కాలం కాదిది. ప్రతి పిల్లవాని తల్లిదండ్రుల ఫోను నంబర్లు, అతను వాడే మందుల పేర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పిల్లల దేహానికి సంబంధించిన ఏ కాగితం వచ్చినా దాని మీద మీ పేరు రాయకముందు ఆ పుస్తకం తెరిచి, ఇంటికి ఫోను చేయండి.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, మనకు వారి అమానతును కాపాడే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.